పుట్టికి వెనక వైపు ఉండదు

ఇప్పటి కోడళ్లు బావల ఎదుట కూర్చుని దర్జాగా టీవీ చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. డెబ్బైల్లో నేను కాపురానికి వచ్చిన రోజుల్లో పెనిమిటి అన్న కనిపిస్తే కొంగు ముందుకు లాక్కుని ఆయన వీపు వెనక్కి తప్పుకోవాలి. మాటలైతే అసలు లేవు. (ఆయన గొంతు మాత్రం నాకు బాగా తెలుసు, ఎద్దులతో మాట్లాడేవాడు కదా.)

మా అత్తవారిది కౌతాళం అవతల, తుంగభద్ర ఒడ్డున ఒక పల్లె. ఆ ఏడు బావ అవతలి గట్టున కొత్త పుట్టి కొన్నాడు. వెదురుతో గంపలా అల్లి తారు పూసిన గుండ్రటి పడవ. కొత్త కోడలు తొలి కాలు పెడితే కలిసొస్తుందని మా అత్త నన్నూ తీసుకుపోయింది. పోయేటప్పుడు బస్సు, తిరిగి వచ్చేది పుట్టిలో. నేనేమో ఆలూరు మెట్ట పొలాల పిల్లను, నీళ్లంటే బావిలో చూసినవే. కొత్త నీరు పారుతున్న ఏటిని చూసి, సముద్రమంటే ఇదే కాబోలు అనుకున్నాను.

బావ ఒక అంచున మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేస్తున్నాడు. అత్త నడుమ కూర్చుని కళ్లు మూసుకుంది. నన్ను కూర్చోబెట్టింది సరిగ్గా బావకు ఎదురుగా! నడి ఏట్లోకి రాగానే సిగ్గు ఆగక, మెల్లగా జరుగుతూ ఆయన వీపు వెనక్కి చేరబోయాను. గుండ్రటి పుట్టికి వెనక ఎక్కడుంది? ఆయన పక్కకే చేరాను. ఆ అంచు వంగి నీళ్లు లోపలికి దూకాయి.

"అమా, ఆ పాపకు సెప్పు, అవతలికి పొమ్మను!" అన్నాడు బావ.

"నేను కండ్లు తెరిసేది లేదప్పా. ఒడ్డు వచ్చినంక సెప్తా" అంది అత్త.

నేను బెదిరి ఇంకా ఆయన దిక్కుకే ఒరిగాను. మళ్లీ నీళ్లు. అప్పుడు బావ తెడ్డు ఎత్తి, మొట్టమొదటిసారి నా ముఖం చూసి అరిచాడు: "ఓ తల్లీ! ఎదురుగ్గా పోయి కూసో! సస్తే నీ సిగ్గు సూసేకి ఎవురుంటారు?"

పాక్కుంటూ పోయాను. పుట్టి నిలబడింది. చెంబుతో నీళ్లు తోడుతుంటే, "నన్ను సూసినావు కదా, ఏమన్నా అయిందా?" అన్నాడు.

"కాలేదు బావా" అన్నాను. నోరు జారిపోయింది.

అత్త కళ్లు మూసుకునే, "ఎవురే మాట్లాడేది? ఒడ్డు వచ్చిందా?" అంది.

"రాలేదు!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఒడ్డు తగిలాక ఇసుకలో కూలబడి ఏడుస్తూ నవ్వాను. ఆ సాయంత్రం అన్నం దగ్గర బావ నేరుగా నాతోనే, "పాపా, ఇంకింత సంగటి పెట్టు" అన్నాడు. అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పప్పు గిన్నె నా వైపు జరిపింది.

మూడు ప్రాణాలకంటే మర్యాదే బరువనుకున్న ఆ పిల్ల గుర్తొస్తే, పక్కన కూర్చోబెట్టుకుని వేడిగా ఇంత టీ పోయాలనిపిస్తుంది.