అటు దాటని పేరు

వెండెల్ ఆహోకి భూమ్మీద ఒకటే భయం: ఎవరో ఒకరు లాగిన్ కాకుండా మిగిలిపోతారని.

మా జిల్లా స్కూళ్ల ఆఫీసులో అందరి పేర్లూ, పాస్‌వర్డ్‌లూ ఉండే పాత కంప్యూటర్ డైరెక్టరీకి ఏళ్ల తరబడి ఆయనే కాపలా. దాన్ని ఆపేసి కొత్తదానికి మారమని పైవాళ్లు ఒక శుక్రవారం గడువు పెట్టారు. ఆలోపు ఒక్కసారైనా లాగిన్ అయితేనే మన పేరు అటు దాటుతుంది. దాటనివాళ్లు ఉద్యోగం మానేసినట్టే లెక్క. జీతం, ఇన్సూరెన్సు వాటంతటవే ఆగిపోతాయి.

ఇంకేముంది! వెండెల్ గుడ్ మార్నింగ్ చెప్పడం మానేశాడు. "లాగిన్ అయ్యావా?" అన్నదే పలకరింపు. ఆయన్ని చూస్తే డ్రైవర్లు స్కూలు బస్సుల వెనక నక్కేవారు. చర్చిలో ఎవరివో అంత్యక్రియలు జరుగుతుంటే, శవపేటిక ముందు వరసలో నిలబడి లెక్కల టీచరు చెవిలో అదే ప్రశ్న వేశాడు.

"ఇక్కడ కూడానా, వెండెల్?"

"పోయినాయనకి ఇన్సూరెన్సు అక్కర్లేదు. నీకు కావాలి కదమ్మా!"

నవ్వుకున్నాం కానీ, జలుబులా ఆ భయం మాకూ అంటుకుంది. నేనైతే అయిన లాగినే మళ్లీ మళ్లీ అయ్యాను.

గడువు రోజు మధ్యాహ్నం వెండెల్ మాయమయ్యాడు. బయట ఒకటే మంచు. ఆయన లేనిదే మార్పిడి మొదలుకాదు. మా బాస్ లోర్నా ఆగలేక ఫోన్ చేసింది.

"ఎక్కడ చచ్చావయ్యా?"

"అర్లిస్ ఇంట్లో."

అర్లిస్ మా స్కూలు పిల్లలకు భోజనం వండే ఆవిడ. కాన్సర్ వైద్యం కోసం సెలవులో ఉంది. సిగ్గుచేటు, ఆమె సంగతే మాకెవరికీ గుర్తులేదు.

"పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టింది, లోర్నా. ఖాతాకి లాక్ పడితే తీశాను. మళ్లీ కొడుతోంది. చేతులు వణికిపోతున్నాయి."

"పాపం, నీరసం కాబోలు."

"ఆమెకి కాదు, నాకు!"

వెనకనుంచి అర్లిస్ గొంతు వినిపించింది. "రోగం వదిలినా ఈయన వదిలేలా లేడు! ఆఁ... అయింది, అయింది!"

సోమవారం చూస్తే అందరూ దాటారు, ఒక్కరు తప్ప. వెండెల్ ఎప్పుడూ అడ్మిన్ ఖాతాలోనే పనిచేసేవాడు. సొంత పేరుతో లాగిన్ అవడమే మరిచిపోయాడు. అలాంటి మనిషే లేడంది కొత్త డైరెక్టరీ.

ఆయన తన పేరు మళ్లీ వెతికి చూశాడు. "లోర్నా... నా ఇన్సూరెన్సు?"

"కొత్తగా చేర్చుకుంటాలే, పద," అని లోర్నా ఆయన చెయ్యి పట్టుకుని గది గదికీ తిప్పింది. "ఈయన వెండెల్. ఇవాళే చేరారు." అందరం లేచి నిలబడి, పేర్లు చెప్పి మరీ కరచాలనం చేశాం. డ్రైవర్లు పనిగట్టుకుని లోపలికి వచ్చారు.

"నాకు ప్రొబేషన్ కూడా ఉంటుందా?" అన్నాడు బిక్కచచ్చిపోయి.

"ఆర్నెల్లు," అంది లోర్నా.