శుక్రవారం పుట్టిన గొర్రె

మా ధనుంజయ్ సార్ ఏ గడియారాన్నీ ఒంటరిగా నమ్మరు. కనీసం ముగ్గురిని టైము అడిగి, వాళ్ళు చెప్పినవాటిలో నడిమిది తీసుకుంటారు. చేతికి గడియారం ఉంది, జేబులో ఫోనుంది, కృష్ణగిరిలో ఆయన పాఠాలు చెప్పే పాలిటెక్నిక్ గోడ మీద పళ్ళెమంత గడియారం ఉంది. అయినా తరగతిలోకి వస్తూనే ముందు బెంచీని, వెనక బెంచీని, కిటికీలోంచి తోటమాలిని వరసగా అడిగేవారు: "టైమెంతప్పా?" ఆయన దగ్గర మేం కంప్యూటర్లు ఎంత నేర్చుకున్నామో గానీ, నిద్రలో లేపినా టైము చెప్పడం మాత్రం నేర్చుకున్నాం.

ఒక పెళ్ళిలో ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపడుతుంటే సార్ లేచి, "సామీ, ఎవురి గడియారంలో?" అన్నారు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని అలాగే ఆగిపోయాడు. మేళగాడు డోలు పక్కన పెట్టి ఫోను తీశాడు. వంటవాడు గరిటెతో సహా వచ్చి తన టైము చెప్పాడు. చివరికి పెళ్ళికూతురే తలెత్తి, "సార్, నా టైమే నడిమిది. కట్టమనండి!" అంది. ఆ పెళ్ళికూతుర్ని నేనే.

సార్ వాళ్ళది గొర్రెలు కాసిన కుటుంబం. అందుకే ఆయన పాత విద్యార్థులం కొందరం కలిసి సరదాగా ఒక క్రిప్టో నాణెం తయారుచేసినప్పుడు దానికి 'గొర్రె' అని పేరు పెట్టాం. మాలో ఒకరికి పనిచేసి పెడితే గొర్రెలొస్తాయి. వాటితో ఇంకొకరి చేత పని చేయించుకోవచ్చు. రాయకోటలో కుట్టు అంగడి నడిపే మీనక్క మా అందరికీ బట్టలు కుట్టి పెద్ద మందనే కూడబెట్టింది. ఆ మందనంతా ఇచ్చి బాలాజి చేత కొత్త అంగడికి కరెంటు వైరింగు చేయించుకోవాలని ఆమె ఆశ. బాలాజి హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ పని చూస్తాడు. గొర్రెల నియమాలు రాసింది కూడా అతనే.

కొత్త గొర్రె పుట్టాలంటే ఎవరిదో ఒకరి కంప్యూటరు ఒక లెక్క తెంచాలి. లెక్కలు గబగబా తెగిపోతుంటే తర్వాతి లెక్క దానంతటదే కష్టమవుతుంది. ఆలస్యమవుతుంటే సులువవుతుంది. దీన్ని రాసేటప్పుడే సార్ అడిగారు.

"తొందరా, ఆలస్యమా అని ఎట్ల తెలుస్తుందప్పా?"

"ప్రతి గొర్రె మీదా పుట్టిన టైము రాసుంటుంది సార్."

"రాసేదెవురు?"

"లెక్క తెంచినోడే."

"వాడి గడియారం తప్పయితే?"

"సార్, ఇది మంజు పెండ్లి కాదు," అన్నాడు బాలాజి. అందరం నవ్వాం. సార్ కూడా నవ్వారు.

ఒక మంగళవారం, సెలవు రోజు, సూళగిరిలో నా ఇంటర్నెట్ సెంటర్లో సార్ కాఫీ తాగుతుండగా బాలాజి ఫోను చేశాడు. గొంతులో పండగ.

"మంజూ, చూసినావా? వాన పడినట్టు పడతా ఉండాయి గొర్రెలు! ఎవురో కొత్తోడు పెద్ద మిషన్లతో మనలో చేరినాడు. లెక్కలు కూడా సులువైపోయినాయి!"

చూస్తే నిజమే. రోజంతా మొత్తుకుంటే ఒక్క గొర్రెను కనే నా ముసలి కంప్యూటరు కూడా నిమిషానికొకటి కనేస్తోంది. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. సార్ మెల్లగా కప్పు కింద పెట్టి, "టైమెంతమ్మా?" అన్నారు.

"సార్, ఇప్పుడా!"

"నీ టైము కాదు. ఆ కొత్తోడి గొర్రెను అడుగు."

అడిగాను. అది ఈ వారం శుక్రవారం సాయంత్రం పుట్టినట్టు రాసుంది.

"ఈపొద్దు మంగళవారం గదా," అన్నారు సార్. "ఇంగా రాని శుక్రవారం వీడికి యాడ దొరికిందమ్మా?"

అప్పుడర్థమైంది. ఆ దొంగ ప్రతి గొర్రె మీదా టైమును ముందుకు తోసి రాస్తున్నాడు. అది చూసి మా వ్యవస్థ, 'అయ్యో, ఒక్క గొర్రెకు ఇన్ని గంటలు పడుతోందే' అని జాలిపడి లెక్కను ఇంకా సులువు చేస్తోంది. మాకు ఒకటి దక్కేలోపు వాడి పెద్ద మిషన్లు వంద మింగుతున్నాయి. ఇలాగే పోతే పాత లెక్కలను కూడా వాడు తిరగరాయగలడు. అప్పుడు ఎవరు ఎవరికి ఏమిచ్చారన్నది వాడి ఇష్టం.

బాలాజి ఫోనులోనే తల పట్టుకున్నాడు. "ఇప్పుడేం చేసేది సార్?"

"అందరి గడియారాలూ అడుగు. నడిమిది తీసుకో. దానికన్నా మరీ ముందుకు రాసిన గొర్రెను మందలోకి రానీయొద్దు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాలాజి అక్కడికక్కడే కొత్త నియమం రాసి పంపాడు. అందరం మార్చుకున్నాం, మీనక్క తప్ప. కుట్టుమిషన్ల చప్పుడులో ఆమెకు ఫోను వినపడదు. మార్చని కంప్యూటరు దొంగ మాటే నమ్ముతుంది. ఆమె ఆ దొంగ లెక్కలోనే బాలాజికి గొర్రెలిస్తే అవి మా ఎవరికీ కనిపించవు. వైరింగు మొదలుపెట్టేది ఆ రోజే.

సార్ బండి తీశారు. నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. రాయకోట దారి పట్టామో లేదో, పూలమ్మే ఆమె దగ్గర బండి ఆగింది. "టైమెంతమ్మా?" గేటు కాసే వాచ్‌మన్ దగ్గర మళ్ళీ ఆగింది. "టైమెంతప్పా?"

"సార్, మంద పోతా ఉండాది!" అని అరిచాను.

"పోదులేమ్మా."

కోట కొండ కనిపించేచోట టీ అంగడి ముందు బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు గుర్రప్ప. సార్ అడగ్గానే ఆయన చొక్కా చేయి మడిచి, గడియారాన్ని తుడిచి, ఎండకు తిప్పి చూసి టైము చెప్పాడు. అంతటితో వదలకుండా కోడలి సంగతి, మోకాలి నొప్పి సంగతి కూడా చెప్పాడు. సార్ అన్నీ విన్నారు. నేను బండి మీద కూర్చునే ఉడికిపోయాను.

"ఆ తాత గడియారం అరగంట ముందుంది సార్!" అన్నాను, బండి కదలగానే.

"తెలుసమ్మా. నడిమిది తేలాలంటే ఎవురో ఒకరు ముందుండాల గదా!"

మేం పరిగెత్తుకుంటూ కుట్టు అంగడి లోపలికి పోయేసరికి మీనక్క కంప్యూటరు ముందు కూర్చుని, మందనంతా బాలాజికి పంపడానికి వేలెత్తి ఉంది.

"ఆగమ్మా!" అని సార్ కేక పెట్టారు.

ఆమె అదిరిపడింది. "ఏమి సార్, టైమడిగేదానికి ఇంత దూరం వచ్చినారా?"

నేను లాప్‌టాప్ తెరిచి ఆమె కంప్యూటరులోకి కొత్త నియమం ఎక్కించాను. తెర ఒక్కసారి ఖాళీ అయింది. మీనక్క తెర మీదికి వంగింది. తర్వాత ఆమె పాత మంద, ఒక్కటీ తగ్గకుండా, వరసగా తిరిగొచ్చింది. శుక్రవారం గొర్రెలన్నీ మాయం. నాకు అప్పనంగా పుట్టినవి కూడా పోయాయనుకోండి. అయినా మీనక్కా నేనూ కావలించుకుని గంతులేశాం. సాయంత్రానికి బాలాజి వైరు చుట్టలతో దిగాడు.

తర్వాతి వారం జాకెట్టు తెచ్చుకోవడానికి ఒంటరిగా రాయకోటకు పోతూ అదే టీ అంగడి దగ్గర ఆగాను. గుర్రప్ప నన్ను గుర్తుపట్టాడు.

"ఆ సార్ రాలేదా అమ్మా?"

"లేదు తాతా. కాలేజీ ఉంది."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అంత చదివినాడు, పాపం, గడియారం చూసేది రాదు ఆయనకి. ఈ దారిన పోయినప్పుడంతా నా దగ్గరికే వస్తాడు. ఇంట్లో నన్ను ఎవురూ ఏమీ అడగరమ్మా. ఆయనొక్కడే అడిగేది. అందుకే రొంతసేపు కూర్చోబెట్టి నిదానంగా చెప్తాను. పూలామెకీ తెలుసు, వాచ్‌మన్‌కీ తెలుసు. ఎవురమూ బయట చెప్పము. కాలేజీలో ఆయన మర్యాద పోతుంది గదా."

గుర్రప్ప నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు ఆయన దగ్గరే చదివినావు గదా. నీకైనా వచ్చునా, గడియారం చూసేది?"

ఆయన ముంజేతి మీద ముల్లు అరగంట ముందు నడుస్తోంది.

"రాదు తాతా," అన్నాను.

గుర్రప్ప బెంచీ మీద పక్కకు జరిగి, నాకు చోటిచ్చాడు.