ముందు చక్రం బ్రేకు

పాడేరు ఘాటు దిగడం మొదలుపెట్టిన తొలి మలుపులోనే నాగజ్యోతికి ముందు బ్రేకు పడలేదు.

లివరు హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కింది. చక్రం దగ్గర కీచుమని చప్పుడైంది గాని వేగం తగ్గలేదు. వెనక బ్రేకు గట్టిగా పట్టింది. టైరు జారి సైకిలు అడ్డం తిరిగింది. లోయ వైపు సిమెంటు గోడకి జానెడు దూరంలో ఆగింది. గోడ అవతల సిల్వర్ ఓక్ చెట్ల తలలు కనిపిస్తున్నాయి. మొదళ్లు కనిపించడం లేదు.

దిగి, గోడ పట్టుకుని నిలబడింది.

నాగజ్యోతి అనకాపల్లి దగ్గర చెరకు పండే ఒక ఊళ్లో పోస్టు బట్వాడా చేస్తుంది. పెళ్లయి రాంబిల్లి నుంచి వచ్చిన మరుసటి ఏడు మొదలు సైకిలు మీదే తిరుగుతోంది. అనకాపల్లిలో తెల్లవారుజామున బయల్దేరి, మాడుగుల దాటాక రాళ్లబాటలో కొండెక్కి, ఘాటురోడ్డు మీదుగా దిగి, సాయంత్రానికి తిరిగి అనకాపల్లి చేరే ఈ పోటీకి కిందటేడు కూడా వచ్చింది. అప్పుడు కొండ కింద పోటీవాళ్ల చెక్‌పోస్టు మూసేశాక దిగింది. ఆలస్యమైన వాళ్లని ఎక్కించుకునే వ్యానులో తీసుకొచ్చి, పోటీ ముగిసే చోట జనం మధ్య దించారు. ఆ జనంలో అత్త తలుపులమ్మ, ఆమె వెంట వీధిలోని ఆడవాళ్లూ ఉన్నారు. తలుపులమ్మ ఏమీ అనలేదు. ఊరే అంది. ఉత్తరం ఇవ్వడానికి ఏ గుమ్మం ముందు ఆగినా, "పోస్టమ్మా, ఇయ్యేల సైకిలా, వ్యానా?" అని అడగడం అలవాటైపోయింది.

చెక్‌పోస్టు రెండింటికి మూస్తారు. ఇంకా ఘాటంతా కిందే ఉంది.

వెనకనుంచి ఎవరో వేగం తగ్గించుకుంటూ వచ్చారు. ఎలమంచిలిలో మోటారు సైకిళ్ల షెడ్డు నడిపే కన్నబాబు. పొద్దుట రాళ్లబాటలో ఇద్దరూ కొంత దూరం కలిసి తొక్కారు.

"ఏటక్కా, ఫొటో దిగుతున్నావా?"

"బ్రేకు పడట్లేదు బాబూ. ముందుది."

కన్నబాబు సైకిలు గోడకి ఆనించి వంగి చూశాడు. ముందు చక్రం మధ్య, బ్రేకు పట్టుకునే డిస్కు మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేలికి నారింజరంగు జిడ్డు అంటుకుంది.

"ఓలమ్మో! ఆంజనేయసామి సిందూరం. నూనెతో కలిపింది. ఎవుడు పూసేడక్కా ఇది?"

నాగజ్యోతికి నిన్న సాయంత్రం గుర్తొచ్చింది. చీకటి పడే వేళ తలుపులమ్మ సైకిలు ముందు గొంతుక్కూచుని ఉంది. ఏడాదంతా పోటీ మాటెత్తితే లేచి లోపలికి పోయిన మనిషి, ఎవరూ చెప్పకుండానే గుడికి వెళ్లి వచ్చింది. ఆ ఇంట్లో ఎడ్లబండి నుంచి ట్రాక్టరు దాకా ఏది కొన్నా ఆంజనేయస్వామి సిందూరం తెచ్చి చక్రాలకి పెడతారు. పాత పోస్టు సైకిలుకీ పెట్టారు. దాని బ్రేకు రబ్బర్లు చక్రం అంచుని పట్టేవి. నడిమధ్య ఎంత బొట్టు పెట్టినా నష్టం ఉండేది కాదు. ఈ సైకిలు విశాఖలో పాతది కొన్నది. దీని ముందు చక్రం మధ్య తళతళలాడే డిస్కు చూసి, బొట్టుకి ఇదే చోటనుకున్నట్టుంది. ఒక్క బొట్టుతో సరిపెట్టినట్టు లేదు. స్వామికి పూసినట్టే పూసింది. నాగజ్యోతికి వెనక బ్రేకుతోనే పోయే అలవాటు. కొండెక్కినంతసేపూ బ్రేకు అవసరమే పడలేదు.

"నేనే పూసేను," అంది.

"నువ్వా?" కన్నబాబు నవ్వాడు. "బులెట్టు డిస్కుకి పసుపు పూసుకుని మా షెడ్డుకి రోజుకొకడు వత్తాడు. నువ్వూ ఆ బేచ్చే అన్నమాట."

"నవ్వింది సాలు. ఏటి సెయ్యాలో సెప్పు."

అతను పిన్ను లాగి, డిస్కుని రెండువైపులా పట్టే ప్యాడ్లు బయటికి తీశాడు. వాటి ముఖాలు నూనె పీల్చి మెరుస్తున్నాయి. చెరొకటి తీసుకుని సిమెంటు గోడకేసి అరగదీశారు. ఫస్ట్ ఎయిడ్ పొట్లంలో ఉన్న స్పిరిట్ దూదితో నాగజ్యోతి డిస్కు తుడిచింది. దూది నారింజరంగుకి తిరిగింది. ఇంకొకటి తీసింది. అదీ తిరిగింది. వాళ్లు గోడ దగ్గర ఉండగానే నలుగురు దాటిపోయారు.

"నీకూ ఆలీసెం అయిపోతంది. నువ్వెల్లు," అంది.

"బిగించీసి ఎల్తాను."

"నాకు బిగించడం వచ్చు. ఎల్లమన్నానా!"

కన్నబాబు ప్యాడ్లు ఆమె చేతికిచ్చాడు. "పూర్తిగా పడదక్కా. కొద్దికొద్దిగా పట్టుకుంటా దిగు, వేడికి నూనె మాడిపోద్ది. మలుపుల్లో నమ్మకు." సైకిలెక్కి మలుపు తిరిగాడు.

బిగించడానికి ఆమెకి, అతను బిగించి ఉంటే పట్టేదానికన్నా ఎక్కువసేపే పట్టింది.

తర్వాతి మలుపులో బ్రేకు సగం పట్టింది. ఆ తర్వాతి దాంట్లో అరిచి ఊరుకుంది. వెనక బ్రేకు ఎక్కువసేపు పట్టుకుంటే అదీ కాలిపోతుంది. ముందుది కాసేపు, వెనకది కాసేపు మార్చి మార్చి పట్టింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. దిగి నడిస్తే ప్రాణానికి ఢోకా లేదు, కాని వ్యాను ఖాయం. ప్రతి మలుపు ముందూ దిగిపోదామనుకుంది. ప్రతి మలుపూ దాటాక, ఇక్కడిదాకా వచ్చి ఇంకెందుకు అనుకుంది.

ఒక గుడ్డిమలుపు లోపల్నుంచి బస్సు హారను వినిపించింది. బస్సు రోడ్డు సగానికి పైగా ఆక్రమించుకుని ముందుకొచ్చింది. నాగజ్యోతి రెండు లివర్లూ నొక్కి, చాలదని తెలిసి, సైకిలుని కొండవైపు కాలువలోకి తిప్పేసింది. మోకాలు రాతికి కొట్టుకుంది. బస్సు చివర ఆమె భుజం పక్కనుంచి పోయింది. కిటికీలోంచి ఒకామె, "నీకేటి మాయరోగమే!" అని అరిచింది.

లేచింది. హ్యాండిలు కాస్త ఒంకర తిరిగింది. ముందు చక్రం కాళ్ల మధ్య పెట్టి సరిచేసింది. మోకాలి కింద కారుతున్నదాన్ని చూడలేదు, చూస్తే కూచుండిపోతానని.

అక్కణ్నుంచి మాడిన వాసన మొదలైంది. ముందు బ్రేకు అరుపు సన్నబడి, పట్టు తెలియసాగింది. నమ్మబుద్ధి కాలేదు.

కొండ కింద టెంటు దగ్గర వ్యాను స్టార్ట్ చేసి ఉంది. టేబులు దగ్గర రిటైరైన డ్రిల్లు మాస్టరు సన్యాసిరావు గారు విజిలు నోట్లో పెట్టుకుని వాచీ చూస్తున్నారు. నాగజ్యోతి టేబులు దాటి పది అడుగులు పోయి ఆగి, సైకిలు నడిపించుకుంటూ వెనక్కొచ్చింది. మాస్టారు విజిలు తీశారు.

"టైముంది. కాని నీ బ్రేకు అరుపు రెండు మలుపుల అవతల్నించీ వినిపించింది. బ్రేకు లేనివాళ్లని నేను ఒదల్ను."

"ఇంక కొండల్లేవు కదండీ."

"కొండల్లేవు. అనకాపల్లిలో లారీలున్నాయి. తొయ్యి. ముందుది పట్టు."

ఆమె సైకిలుని పరుగున ముందుకి తోసి ముందు లివరు నొక్కింది. చక్రం కీచుమంటూ నిలబడిపోయింది. వెనక చక్రం గాల్లోకి లేచి దిగింది.

మాస్టారు మరోసారి వాచీ చూసి, ఆమె మోకాలు చూసి, సంతకం పెట్టమన్నారు. ఆమె వెనక విజిలు ఊదారు.

పోటీలో ఆఖరి మనిషి వెనకాల నడవడం వ్యాను పని. మాడుగుల దాటినా, చోడవరం దాటినా దాని చప్పుడు ఆమె వీపుని వదల్లేదు. డ్రైవరు ఒకసారి పక్కకొచ్చి తల బయటపెట్టాడు.

"ఎక్కీయమ్మా, ఏసీ ఏసేను."

"నువ్వే దిగి తొక్కు, పొట్ట తగ్గుద్ది."

అనకాపల్లిలో పోటీ ముగిసే చోట కుర్చీలు పేరుస్తున్నారు. తలుపులమ్మ ముందు వ్యాను లోపలికి తొంగి చూసింది. తర్వాతే కోడలి దగ్గరకొచ్చి, కొంగుతో ఆమె మోకాలు ఒత్తిపట్టింది.

"ఏటే, ఇంతాలీసెం సేసేవు?"

నాగజ్యోతి సిందూరం అంటిన వేళ్లు గుప్పిట్లో మూసుకుంది.

"గాలి ఎదురయ్యిందత్తా," అంది.