బండి వెనక కమ్మీ

గోల్ఫ్ క్లబ్బులో ఇసుక గుంటలు చదును చేయడం ఆమె పని. పెద్దమనుషులు బంతి కోసం ఇసుకంతా కుళ్లబొడిచి పోతే, వెనకాలే పళ్లకర్రతో సరిచేస్తుంది. పదేళ్లు నడిచే చేసింది. ఆటగాళ్లకు కాళ్లు బరువెక్కి క్లబ్బు గోల్ఫ్ కార్టులని చిన్న బ్యాటరీ బండ్లు కొన్నాక, ఆమెను వెనక ఆటకర్రల సంచుల పక్కన నిలబడి రమ్మన్నారు. ముందు సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. సీటు అరిగిపోతుంది కాబోలు!

బంతి కనబడితే చాలు, దొరగారు బ్రేకు తొక్కేస్తాడు. ఆమె తుంటి ఇనుప కమ్మీకి కొట్టుకుంటుంది. నెల తిరిగేసరికి తొడలు, మోచేతులు వంకాయల్లా కమిలిపోయాయి.

వీధిలో వాళ్లు చేతి మీది మచ్చలు చూసి తీర్పు చెప్పేశారు: మొగుడు కొడుతున్నాడు. ఆ మొగుడు దర్జీ, చీమకైనా దారిచ్చే మనిషి. బండి దెబ్బలని ఆమె మొత్తుకుంటే, పాపం, మొగుణ్ణి కాపాడుకుంటోందని జాలిపడ్డారు. సొంత అక్కే వచ్చి మరిదిని నానా మాటలూ అని, మంచినీళ్లయినా ముట్టకుండా పోయింది. ఆ రోజు అతను ఒకే చొక్కాకు మూడుసార్లు పొరపాటున కాలరు తిరగేసి కుట్టాడు.

అది చూసి ఆమె మర్నాడు క్లబ్బు సెక్రటరీ గదికి వెళ్లింది. ఆయన మచ్చల వంక చూడనైనా లేదు. "మా బండ్లు పూలరథాల్లా పోతాయమ్మా. ఇంటి గొడవలు మాకెందుకు?" అన్నాడు.

"ఒక్క ఆట వెనక నిలబడి రండి సార్. అప్పుడు మా ఆయన్ని ఎన్నయినా అనండి."

నలుగురు సభ్యులు వింటున్నారు. కాదంటే పరువు పోతుందని ఎక్కాడు. బంతి పడాల్సిన పద్దెనిమిది గుంటల్లో నాలుగోదాని దగ్గరే గడ్డిలో చతికిలబడ్డాడు. మర్నాడు కుంటుతూ వస్తే, పెళ్లాం బడితపూజ చేసిందని క్లబ్బంతా గుసగుసలు. ఆయన ఎంత మొత్తుకున్నా నమ్మిన నాథుడు లేడు.

వారం తిరక్కుండా కమ్మీలకు మెత్తలు చుట్టించారు. సభ్యుల సంచులు గీసుకుపోకుండానని నోటీసులో రాశారు. ఆమె మళ్లీ ఆ బండెక్కలేదు. నడిచే వెళుతోంది, తొందరున్న వాళ్లు ఇసుక దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నారు.

సంగతి తెలిసి అక్క వచ్చింది. "ముందే చెప్పొచ్చుగా మరిదీ," అంది, తప్పంతా అతనిదే అయినట్టు.

"చెప్పింది వదినా, మీ చెల్లెలు. పదిసార్లు చెప్పింది," అన్నాడు దర్జీ, మిషను ఆపకుండా.