పావుతక్కువ పదకొండు

తొంభైల మొదట్లో త్రిపురారం దగ్గరి ఒక ఊరి బడిలో నాకు తొలి ఉద్యోగం వచ్చింది. పుట్టి పెరిగింది కోదాడ బజారులో. మిర్యాలగూడలో గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వెళ్లేదాన్ని. అన్నం తినడమే తప్ప వరి మొక్కను దగ్గరగా చూసింది లేదు.

మా ఐదో తరగతి పిల్లలకు భిన్నాలంటే భయం. నాట్లు పడుతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం నారు కట్ట తెప్పించి, తలా ఒక మొక్క ఇచ్చి, పావు అంగుళం కూడా వదలకుండా కొలవమన్నాను. నల్లబల్ల మీద అడ్డంగా గీత గీసి, ఏడు నుంచి పదకొండు దాకా అంగుళాలు వేసి, మధ్యలో పావు, అర, ముప్పావు కూడా గీసి పెట్టాను. ఎవరి మొక్క ఎంతుంటే అక్కడ ఒక ఇంటూ గుర్తు పెట్టాలి. అదే కొలత మళ్లీ వస్తే దాని మీద ఇంకోటి. ఎనిమిదిన్నర దగ్గర గుర్తులు బాగా ఎత్తుకు లేచాయి.

చివరగా ఒక అమ్మాయి వచ్చి, అన్నిటికీ దూరంగా, పావుతక్కువ పదకొండు మీద గుర్తు పెట్టింది.

"స్కేలు సరిగ్గా పెట్టలేదమ్మా నువ్వు," అన్నాను.

"మంచిగనే పెట్టిన టీచర్."

బస్సు వేళవుతోంది. మళ్లీ కొలవకుండానే ఆ గుర్తు తుడిచేశాను. ఆ పిల్ల మొక్కను తడిగుడ్డలో చుట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున ఆమె తల్లి వచ్చింది. నాటు కూలికి పోతూ ఆగింది. చేతిలో ఆ తడిగుడ్డ. నల్లబల్ల వైపు చూసి, "ఈ గుర్తులేంది టీచరమ్మా? నాకు సదువు రాదు," అంది. ఒక్కో గుర్తు ఒక్కో మొక్క అని చెప్పి, అంకెలు చదివి వినిపించాను. ఆమె ఆ గుర్తుల వెంట వేలు పోనిచ్చింది.

"అయితె నారంతా ఎనిమిదిన్నరకు అటూ ఇటూ ఉన్నది. తొమ్మిదింబావు దాటి ఒక్కటి లేదు. మరి మా పిల్లది ఏది?"

"తుడిచేశాను," అన్నాను.

ఆమె గుడ్డ విప్పి మొక్క నా చేతికిచ్చింది. కొలిచాను. పావుతక్కువ పదకొండు, సరిగ్గా.

"పిల్ల తప్పు కొలవలే. ఇది వరి కాదు, ఊద గడ్డి, కలుపు. సూడుండ్రి, మొదలు ఎర్రగున్నది, ఈనె తెల్లగున్నది. నారుమడిల గూడ మేం గిట్లనే దీన్ని గుర్తు పడతం. అన్నిటి మీదికెల్లి తల లేపినదాన్ని ముందుగాల సూస్తం."

నాకు సిగ్గుగా అనిపించింది, దానికంటే ఎక్కువగా ఆశ్చర్యం. ఆ గీతను నేను పాఠంగా గీశాను. ఆమె దాన్ని మడిని చూసినట్టు చూసింది. దూరంగా ఉన్న గుర్తును నేను తప్పనుకుని చెరిపేస్తే, అది ఏ మొక్కో చూపించడానికి ఆమె పని దారిలో ఆగి వచ్చింది.

అమ్మాయిని ముందుకు పిలిచి, "తప్పు నాదేనమ్మా," అని అందరి ముందూ చెప్పి సుద్దముక్క ఇచ్చాను. తను నిదానంగా పది దాటి మూడు పావులు లెక్కపెట్టి, ఇంటూ గుర్తు పెట్టింది. ఈలోగా పిల్లలు తల్లి చుట్టూ మూగారు. ఆమె ఊదను, ఒక వరి మొక్కను పక్కపక్కన పట్టుకుని తేడా చూపించింది. నేనూ వాళ్ల వెనక నిలబడి మెడ చాచి చూశాను.

కాలువ గట్టు మీది నుంచి తోటి ఆడవాళ్లు కేకేశారు. "జర ఆగుండ్రి, వస్తున్న," అంటూ ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని వెళ్లిపోయింది.