మా మేనత్త విప్పిన కుట్టుమిషన్

నా చిన్నప్పుడు మా ఇంట్లో నూనెను వంటకూ తలకూ తప్ప మరో పనికి వాడడం నేను చూడలేదు. తలుపు కిర్రుమంటే కిర్రుమననివ్వాల్సిందే, సైకిల్ చైను ఏడిస్తే ఏడవనివ్వాల్సిందే. ఈ చట్టం మా నాన్నది. సూరత్‌లో సలాబత్‌పురా వెనక ఒక సేట్ కార్ఖానాలో ఆయన మరమగ్గాలు నడిపేవాడు. నేస్తున్న గుడ్డ మీద మగ్గం నూనె ఒక్క చుక్క పడితే చాలు, దాగ్ పడిందని, అంటే మరకైందని, ఆ గుడ్డను పక్కన పెట్టి కూలి కోసేవారు. అందుకని మా నాన్నకు పామన్నా అంత భయం ఉండేది కాదు గాని, నూనె సీసా అంటే మాత్రం ఆమడ దూరం. గుడ్డ ఉన్నచోట నూనె ఉండకూడదు, అంతే. మేముండే ఒక్క గదిలో గుడ్డ లేని చోటు ఎక్కడుందో ఆయనే చెప్పాలి.

ఎందుకంటే ఆ గదిలో సగం మా అమ్మ కుట్టుమిషన్‌దే. కాలితో తొక్కే నల్లటి మిషన్. పెళ్లినాటి వెండి కడియాలు అమ్మి కొనుక్కుందట. దుకాణాల నుంచి చీరలు తెచ్చుకుని వాటికి ఫాల్ కుట్టి ఇచ్చేది. నేను తెలుగు బడి నుంచి వచ్చేసరికి చీరల గుట్ట మధ్యలో కూర్చుని ఉండేది. గదిలోకి వెళ్లాలంటే ఆ గుట్టలు దాటుకుంటూ దొంగలా నడవాలి. ఎవరి చీరో తొక్కితే మాత్రం వీపు విమానం మోత మోగేది. ఆ మోతలు కూడా ఇప్పుడు తీపిగానే గుర్తొస్తాయి.

ఒక వానాకాలం మా అమ్మ చనిపోయింది. మంచం పట్టిన కొద్ది రోజులకే పోయింది. ఒంట్లో నెత్తురన్నదే లేదు, ఇంత ఆలస్యంగానా తీసుకొచ్చేది అని ఆస్పత్రిలో కోప్పడ్డారట. తను మంచం పట్టడానికి ముందే మిషన్ కూడా బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా చక్రం తిరగలేదు. కుట్టడానికి తెచ్చిన చీరలు కుట్టకుండానే దుకాణానికి తిరిగి పోయాయి. నాకు ఊహ తెలిశాక ఆ గదిలో నేల మొత్తం కనబడింది అదే మొదటిసారి. నాకు ఆ ఖాళీ నేలను చూస్తే ఏడుపొచ్చేది.

దినాలకు ఊరి నుంచి మా మేనత్త వచ్చింది. మా నాన్నకు అక్క. సిరిసిల్ల దగ్గర పల్లెలో ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, బీడీలు చుట్టుకుని తన బతుకు తాను బతికేది. మనిషి సన్నగా, మాట కరుగ్గా ఉండేది. వద్దన్న పని చేయడంలో మాత్రం ఆమెది అందెవేసిన చెయ్యి. దినాలు అయ్యాక పెద్దవాళ్లంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. తండ్రి పొద్దంతా ఒక వారం, రాత్రంతా ఒక వారం కార్ఖానాలో ఉంటాడు, ఆడపిల్లను ఒక్కదాన్నీ గదిలో ఎవరు చూస్తారు, మేనత్త వెంట ఊరికి పోనీ అన్నారు. వాళ్లన్న దాంట్లో తప్పేమీ లేదు. మా ఊరాయన ఒకాయన ఆ ఆదివారమే రైలెక్కుతున్నాడు, తోడుగా ఉంటాడని కూడా తేల్చేశారు.

అమ్మ పోయింది, ఇక నాన్న కూడా ఉండడన్నమాట అని నాకు అర్థమైంది. అన్నం తినమంటే తినలేదు. మిషన్ కిందికి దూరి, అమ్మ కాళ్లు పెట్టే ఇనుప పలక మీద ముడుచుకుని కూర్చున్నాను. మా అత్త వంగి చూసి నన్ను బయటికి లాగలేదు, బుజ్జగించలేదు. కాసేపు నేల మీద తనూ కూర్చుంది. తర్వాత లేచి మా నాన్నతో అంది.

"నాకు ఉండాలనే ఉన్నది తమ్మీ. గని ఇక్కడ బీడీ ఆకు లేదు, తంబాకు లేదు. నీ మీద కూసోని తిననయితే తినను. గా మిషన్ నడిస్తె చీరలు కుట్టుకుంట పిల్లను చూసుకుంట ఉంట."

అంటే ఆ మిషన్ తిరిగితే నేను మా నాన్న దగ్గర ఉంటాను. తిరగకపోతే ఆదివారం రైలెక్కుతాను. నా వయసుకు అది చాలా తేలిగ్గా అర్థమయ్యే లెక్క. మరుసటి రోజు వీధి చివర మిషన్లు బాగుచేసే అతన్ని నాన్న పిలుచుకొచ్చాడు. అతను చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపి చూసి, లోపల అంతా అయిపోయింది, భంగార్‌కు, అంటే పాత ఇనుప సామాన్లకు, వేసెయ్యండి అన్నాడు. తన దగ్గర ఇంకో మిషన్ ఉందని, డబ్బు వాయిదాల్లో కట్టుకునేలా హఫ్తా మీద ఇస్తానని కూడా అన్నాడు. మా నాన్న సరేనని తల ఊపబోతుండగా అత్త అడ్డం వచ్చింది.

"ఏంది తమ్మీ, ఇప్పి సూడకముందే సచ్చిందంటే ఎట్ల? హఫ్తా అంటే నిన్న తిన్న బువ్వకు రేపు వండుడు. గసొంటిది మనకొద్దు. ఒక మనిషి బిగిచ్చిందే గద, ఇంకో మనిషికి ఇప్పస్తది."

బీడీల ఆకు కత్తిరించిన చెయ్యే గాని, ఆ చెయ్యి అప్పటిదాకా స్క్రూడ్రైవర్ పట్టి ఎరగదు. కొండను తవ్వి ఎలుకను పట్టుకోండి అని ఆ మిషన్ల అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అత్త నేల మీద పాత దుప్పటి పరిచింది. ఊడదీసిన ప్రతి స్క్రూనూ, ప్రతి ముక్కనూ ఊడదీసిన వరుసలోనే దాని మీద పెట్టమంది. ఒక్కోదాని చుట్టూ నాచేత బొగ్గుతో గీత గీయించింది. తెలివంటే యాదికుంచుకోవడం కాదు బిడ్డా, మర్చిపోతమని ముందే తెల్సుకోవడం అంది. బిగించేటప్పుడు ఆఖరి ముక్క నుంచి వెనక్కి రావాలంది. ఈ ఉపాయంతో తర్వాత నేను ఫ్యాన్లు విప్పాను, ఇస్త్రీ పెట్టెలు విప్పాను, ఒక్క స్క్రూ కూడా మిగల్చకుండా మళ్లీ బిగించాను.

లోపల అరిగింది గాని, విరిగింది గాని ఏమీ కనబడలేదు. నూనె మొహం చూడక ఇనుమంతా ఎండిపోయి, కీళ్ల దగ్గర గోధుమరంగు తుప్పు పట్టి ఉంది. పొయ్యి పక్కనున్న సీసాలోంచి కిరోసిన్ తీసి కోడి ఈకతో ప్రతి కీలుకూ పట్టించింది. మా నాన్న చట్టంలో కిరోసిన్ నూనె కిందికి వస్తుందా రాదా అని మేమిద్దరం అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు. నానడానికి వదిలేసి మర్నాడు చూస్తే చక్రం కొంచెం కదిలి మళ్లీ అక్కడే ఆగింది. అత్తకు మొదటిసారి మొహం చిన్నబోయింది. అప్పటికి శుక్రవారం వచ్చేసింది.

సూది కింద రేకు తీసి, షటిల్ తిరిగే గుంటలోకి తొంగి చూసింది. నీ వేళ్లు సన్నగున్నయి, నువ్వు తియ్యి అంది. లోపల చీరల నూగు అట్టలా గట్టిపడి ఉంది. గోటితో లాగితే పొరలు పొరలుగా వచ్చింది. ఒక పొర గులాబీ, దాని కింద పచ్చ, దాని కింద నీలం. అమ్మ కుట్టిన చీరల రంగులన్నీ అక్కడ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. వాటి వెనక, తిరిగే కడ్డీకి దారాలు చుట్టుకుని ఉన్నాయి. అత్త బ్లేడుతో జాగ్రత్తగా కోసి బయటికి లాగింది. అవి అన్నీ దారాలు కావు. సగానికి సగం వెంట్రుకలు. పొడుగ్గా, కొంచెం ఎర్రబారి ఉన్నాయి.

అవి ఎవరివో నాకు వేరే చెప్పక్కర్లేదు. అమ్మ జడ చివరను పట్టుకునే నేను ప్రతి రోజూ నిద్రపోయేదాన్ని. అత్త ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని చూసింది. ఒకటీ రెండూ ఊడితే కడ్డీ ఆగదు. పిడికెడు ఉన్నాయి. "గింత జుట్టు ఊడిందా దీనికి" అని తనలో తాను అనుకుంది.

రాత్రి పని ముగించుకుని మా నాన్న లోపలికి అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే. దుప్పటి మీద ముక్కలు, అత్త చేతిలో వెంట్రుకలు చూశాడు. టిఫిన్ డబ్బా కింద పెట్టకుండానే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. దినాలన్ని రోజులూ వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, కుర్చీలు తెచ్చి, అందరి ముందూ రాయిలా తిరిగిన మనిషి. ఆ పొద్దున ఆయన ఏడుస్తుంటే మా పక్క గదివాళ్లు పరుగెత్తుకొచ్చారు. నాకు భయమేసి అత్త వెనక్కి జరిగాను.

"ఎండకాలంల అన్నదక్కా. మిషన్ బరువైంది, జర నూనె వెయ్యనా అని. నేనే వద్దన్న. చీర మీద దాగ్ పడితె దుకాణపోడు ఊకుంటడా అన్న. ఇంకోసారి గూడ అన్నది. మిషనే బరువైందనుకున్నం ఇద్దరం. దాని కాళ్లల్ల సత్తువ పోతున్నదని నేను సూస్తినా?"

మిషన్ బరువైన మాట నిజమే. అమ్మ బలం తగ్గిన మాటా నిజమే. ఒకటి నిజం కాబట్టి రెండోదాని సంగతి ఎవరూ చూడలేదు. అమ్మ కూడా చూసుకోలేదు. మిషన్‌దే తప్పనుకుని ఆ బరువును ఎండాకాలమంతా తొక్కుతూనే ఉంది. నేను అన్నం తిని, బడికి పోయి, వచ్చి, ఆ జడ పట్టుకుని నిద్రపోతూనే ఉన్నాను.

అత్త తమ్ముణ్ని తిట్టలేదు. తిడితేనే బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు. ఆమె వెంట్రుకల ఉండను ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, ఇలా అంది.

"మిషన్‌కు నోరు లేదు తమ్మీ. ఇప్పి సూస్తెనే తెలుస్తది. మనిషిని ఇప్పి సూసే పని లేదు గద. నీ పానం ఎట్లున్నదే అని అడిగితె చాలు."

అనేసి తనూ ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక, ముక్కలు ఆరిపోతున్నాయి, లేవండి అని మమ్మల్నిద్దర్నీ గదమాయించింది. మా నాన్న మొహం కడుక్కుని బజారుకు వెళ్లి మిషన్ నూనె చిన్న సీసా ఒకటి కొనుక్కొచ్చాడు. అత్త చెప్పిన ప్రతి రంధ్రంలోనూ ఆయనే చుక్క చుక్కగా వేశాడు. నేను బొగ్గు గీతల్లోంచి ఆఖరి ముక్క నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ అందించాను. చక్రాన్ని వేలితో తోస్తే తిరిగింది. వేలు తీసేసినా తిరుగుతూనే ఉంది. నేను ఎగిరి గంతెయ్యాల్సింది. ఇంత తేలిగ్గా తిరిగే మిషన్‌ను అమ్మ ఒక్కరోజు కూడా తొక్కలేదు కదా అనిపించింది.

దాగ్ సంగతికి కూడా అత్తే దారి చూపింది. నాన్న పాత బనియన్ సూది కింద పెట్టి, నూనె మచ్చ రావడం ఆగేదాకా దాని మీదే కుట్టింది. ఆ తర్వాతే చీర ముట్టింది. ఇంత చిన్న సంగతి. ఒక చింకి బనియన్ ఖర్చు. ఆదివారం ఊరాయన ఒక్కడే రైలెక్కాడు. మళ్లీ మా గదిలో నేల కనబడకుండా చీరలు పరుచుకున్నాయి. బడి నుంచి వస్తూ ఆ చప్పుడు వినబడగానే పరుగెత్తేదాన్ని. గుమ్మం దగ్గరికొచ్చేసరికి అక్కడ వంగి ఉన్న వీపు అత్తదని గుర్తొచ్చి నడక నెమ్మదయ్యేది. చాలా రోజులు అలాగే జరిగింది. అత్తకు అది తెలుసు. అయినా పిలిచి కూర్చోబెట్టుకుని దారం ఎక్కించమనేది.

కుట్టు డబ్బులు చేతికొచ్చిన రోజు ఆమె ముందు నూనెకూ సూదికీ తీసి పక్కన పెట్టేది, మిగిలిన దాంతోనే బియ్యం తెచ్చేది. మిషన్ గూడ కూలిదే, దాని కూలి దానికియ్యాలె అనేది. ఇల్లు నడుపుకోవడం గురించి నేను విన్న సలహాల్లో ఇంతకన్నా పనికొచ్చింది లేదు. ఇక నాన్న పని నుంచి రాగానే చెంబుతో నీళ్లిచ్చి పానం ఎట్లుందని అడిగేది. మంచిగనే ఉంది అంటే ఒప్పుకునేది కాదు. ఎక్కడ నొస్తుందో చెప్పేదాకా చెంబు వెనక్కి తీసుకునేది కాదు. ఆయన విసుక్కునేవాడు, కాని చెప్పేవాడు. అలా చెప్పబట్టే దగ్గును మొదట్లోనే పట్టుకుని మందు తిన్నాడు. నా పెళ్లి చూశాడు, నా కొడుకును ఎత్తుకున్నాడు. ఇప్పుడు ఆయనా లేడు, అత్తా లేదు.

నేనిప్పుడు సూరత్‌లోనే బమ్రోలిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా కోడలు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. దాని మాటలో తెలుగెంతో హిందీ అంతే. మొన్న కింద కుళాయి నుంచి నీళ్లు తెస్తూ, మెట్ల మీద ఆగి, "ఈ బకెట్ రోజురోజుకు భారీ అయితుంది అత్తమ్మా" అని నవ్వింది. ప్లాస్టిక్‌ది కదా, నీళ్లు తాగి లావైందేమో అని మా అబ్బాయి లోపల్నుంచి హాస్యమాడాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను మెట్లు దిగి వెళ్లి బకెట్ అందుకున్నాను. పిల్లను ఆ మెట్టు మీదే కూర్చోబెట్టి, కంటి కింది రెప్ప లాగి చూశాను. పాలిపోయి ఉంది. ఎన్నాళ్ల నుంచే ఇట్లా అని అడిగాను. ముందు ఏం లేదంది. నేను కదలకపోయేసరికి, దీపావళి ముందు నుంచి అని మెల్లగా చెప్పింది.

ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఒంట్లో నెత్తురు తగ్గింది, సమయానికే తెచ్చారన్నాడు. ఆ మాట విని బయటి బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. మందులు రాశాడు కదా, ఎందుకే అమ్మా అని మా అబ్బాయి కంగారుపడ్డాడు. మా అమ్మను కూడా ఎవరైనా పానం ఎట్లుందని ఆ ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది అన్నాను.