ఉన్ని కింద దాచిన అక్షరాలు

దేశంకాని దేశంలో, ఈ సెంబవాంగ్ పేటలో మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పోయిన మంగళవారం కన్నుమూశారు. లిథువేనియా ఆవిడ. భర్త ఇక్కడి షిప్‌యార్డులో ఇంజినీరు. ఆయన పోయాక కూడా ఆవిడ ఈ ఊరు వదల్లేదు. ఆవిడంటే నాకు గౌరవం. అంతకంటే ఎక్కువ అసూయ.

ఆదివారం పొద్దున నేను తెలుగు వాచకం తెరిస్తే చాలు, మా అమ్మాయికి కడుపునొప్పి. అదే పిల్ల సాయంత్రం ఎదురింట్లో స్వెటర్ అల్లుతున్న ఆంటీ పక్కన చేరి, బుద్ధిగా లిథువేనియన్ రాసేది. ఈ ఎండల ఊళ్లో స్వెటర్ ఎవరికండీ అని అడిగితే, "చేతులు ఊరుకోవు" అనేవారు. ఆవిడ ఒడిలో ఉన్ని, ఉన్ని కింద పుస్తకం. గుమ్మంలో అడుగు చప్పుడైతే ఇద్దరూ పుస్తకాన్ని లోపలికి దూర్చి ఏమీ ఎరగనట్టు కూర్చునేవారు. ఆ ఆటలో పోలీసు పాత్ర ఎప్పుడూ నాదే.

ఆట వెనక కథ ఆవిడే చెప్పారు. రష్యా చక్రవర్తి ఏలుబడిలో నలభై ఏళ్లపాటు లిథువేనియన్ పుస్తకాలను వాళ్ల లిపిలో అచ్చువేయడం నేరం. రష్యన్ అక్షరాల్లో వేసిచ్చిన పుస్తకాలను జనం ముట్టలేదు. సరిహద్దు అవతల ప్రష్యాలో అచ్చువేయించి, గడ్డిబళ్లలో దాచి తెచ్చుకున్నారు. దొరికితే సైబీరియాయే. ఇళ్లలో తల్లులు రాట్నం తిప్పుతూ పిల్లలకు చదువు చెప్పారు. ఆంటీ ముత్తవ్వ అలా నేర్చుకున్నదేనట.

వింటుంటే నాకు ఒళ్లు మండింది. "మా అక్షరాలు రాళ్లకెక్కిన దాదాపు వెయ్యేళ్లకు గానీ మీ భాష కాగితమెక్కలేదు" అనేశాను.

"అదృష్టవంతులు. అంతకాలం వాటిని మీ దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేదు" అన్నారు.

అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేలక ఆ పూట కూర మాడబెట్టాను.

వద్దంటేనే కావాలంటుందేమోనని చివరికి నేనూ ఓ ఉపాయం పన్నాను. "రేపట్నుంచి ఇంట్లో తెలుగు పుస్తకం ముట్టుకున్నావో, ఊరుకోను!" అని హుంకరించాను.

మా అమ్మాయి కళ్లు మెరిశాయి. "నిజంగానా? థాంక్యూ లా, అమ్మా!" అని ఈ ఊరి యాసలో అరిచి, కిందికి ఆడుకోవడానికి పరిగెత్తింది.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది నా పని. ఆంటీ విని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "మాకు చదువొచ్చింది నిషేధం వల్ల కాదు. అమ్మ పక్కన కూర్చోవడం వల్ల. నువ్వు ఎదురుగా కూర్చుంటావు" అన్నారు.

ఆ మాట నాకు నచ్చలేదు. తర్వాతి ఆదివారం మాత్రం కుర్చీ దాని పక్కకు జరుపుకున్నాను. "స్పేస్ లేదు కదమ్మా" అంది అమ్మాయి. ఆవిడ లేకపోతే దానికి ఏ భాషలోనూ రాతంటే ఇష్టం పుట్టేది కాదు. అది ఒప్పుకోవడమే నాకు కష్టం.

మండాయ్ దహనవాటికలో అద్దం అవతల ఆంటీ ఉన్న పెట్టె మెల్లగా కదిలిపోతోంది. మా అమ్మాయి అద్దం మీద ఊది, ఆ ఆవిరి మీద వేలితో ఏదో రాసింది. అక్షరాల కింద తోకలు, పైన కొక్కేలు.

"ఏం రాశావే?"

"ఆంటీకి రాశాను. నీకు రాదు కదమ్మా."

నిజమే, నాకు రాదు. రేపు ఇలాంటి అద్దానికి అవతల నేనుంటే ఇది ఏ అక్షరాల్లో రాస్తుంది? అసలు రాస్తుందా? ఆ క్షణంలోనూ ఆవిడ మీద నాకు అసూయే.

ఆవిరి ఆరి రాత చెరిగిపోతోంది. అది మళ్లీ అద్దం మీద ఊది, మొదటి అక్షరం నుంచి మళ్లీ రాయసాగింది.